ఎనిమిది నిమిషాల్లో పోవాల్సిన నీలం

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి కొత్తగా చేరుతున్న అమ్మాయిలిద్దరు మొన్న మా ఇంటికొచ్చారు. "మేడమ్, మీ అనుభవంతో మాకేదైనా చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చాను, బిస్కెట్లు పెట్టాను, ఏమీ చెప్పకుండా పంపేశాను. చెబుదామని నోరు తెరిస్తే ముందుగా వచ్చే సంగతి ఒక్కటే. అది ఉమ్మికి సంబంధించింది. కాఫీ తాగుతున్న వాళ్లకు చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

నాకెప్పుడు ఇంక్రిమెంటు పడింది, ఎప్పుడు సీనియర్ లెక్చరర్నయ్యాను, ఇవేవీ ఇందులో ఉండవు. యాభై రెండేళ్లకే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను, ఎందుకని అడిగితే అదో పెద్ద తగువు. మాది గుంటూరు వైపు. మా ఆయనకి హైదరాబాదులో ప్రభుత్వ ఉద్యోగం రావడంతో తొంభైల మొదట్లో ఇక్కడికి వచ్చాం. నయాపూల్ దాటి, నాలుగు సందులు తిరిగితే వచ్చే ఆడపిల్లల జూనియర్ కాలేజీలో నాకు పని దొరికింది. ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు నాది. ఆ సంగతి స్టాఫ్‌రూములో అందరికీ మొదటి వారంలోనే తెలిసేలా చేశాను. ఈ కథ చదివేటప్పుడు ఆ ర్యాంకుని గుర్తుపెట్టుకోండి.

రికార్డులు, మూడు పెన్నులు

ల్యాబ్ అంటే పిల్లలు ప్రయోగం చేస్తారు, చూసింది రాస్తారు, మనం దిద్దుతాం. బయటివాళ్లు అలా అనుకుంటారు, మీరూ అనుకుంటూనే వస్తారు. నేనూ అలాగే వచ్చాను.

జరిగేది ఇది. సెకండియర్ పిల్లలు వెళ్లిపోతూ తమ ప్రాక్టికల్ రికార్డుని జూనియర్లకి ఇచ్చిపోతారు. జూనియర్లు కిటికీ అద్దానికి ఆనించి బొమ్మలు దించుకుంటారు, రాత పక్కనుంచి ఎక్కించుకుంటారు. ఎవరో ఒకమ్మాయి ఓ ఏడాది బొద్దింకకి ఆరుకి బదులు ఎనిమిది కాళ్లు వేసింది. ఆ తర్వాత మూడేళ్లు మా కాలేజీ బొద్దింకలన్నీ ఎనిమిది కాళ్లతోనే నడిచాయి. మూడో ఏడు నేను కనిపెట్టాను. స్టాఫ్‌రూములో అందరికీ చూపించి తెగ నవ్వాను. అంతకుముందు రెండేళ్లూ వాటి కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టింది నేనేనన్న సంగతి ఆ నవ్వులో నాకు తట్టలేదు.

సంతకాల పని జనవరిలో. ఏడాది రికార్డులన్నీ రెండు రోజుల్లో. ఒకే పెన్నుతో పెడితే ఒకేసారి పెట్టినట్టు తెలిసిపోతుందని మూడు పెన్నులు పెట్టుకునేదాన్ని. జులైలో చేయని ప్రయోగానికి జులై తేదీ, ఆగస్టుకి ఇంకో పెన్ను. మా ప్రిన్సిపాల్ గారు తలుపులోంచి తల పెట్టి, "అయినయా మేడమ్? తేదీలన్నీ లైనుగ ఉన్నయా? వచ్చినోళ్లు గంతే చూస్తరు" అనేవారు. చెడ్డమనిషి కాదు. ఆయనకి ల్యాబ్ అంటే తాళం వేసి ఉంచాల్సిన గది. బీకర్లు పగిలితే బాధపడేవారు కానీ, వాడకుండా దుమ్ముపడితే పడేవారు కాదు.

ఎస్ అని రాసిన సీసా

నేను చేరిన ఏడు లాలాజలం ప్రయోగం రంజాన్ నెలలో వచ్చింది. ప్రయోగం చాలా సులువు. పరీక్షనాళికలో పిండి ద్రావణం తీసుకుని, నీళ్లతో పుక్కిలించి ఊసిన ఉమ్మి కాస్త కలపాలి. నిమిషానికోసారి అందులోంచి ఒక చుక్క తీసి, పింగాణీ పలకలోని అయోడిన్ మీద వేయాలి. పిండి ఉన్నంతసేపూ నల్లటి నీలం వస్తుంది. ఉమ్మిలోని ఎంజైము పిండినంతా చక్కెరగా మార్చేశాక నీలం రాదు. అది ఎన్నో నిమిషంలో జరిగిందో రాయాలి. అంతే.

క్లాసులో సగంమంది ఉపవాసంలో ఉన్నారు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించమని వాళ్లకి ఎలా చెబుతాను? మిగతా సగంలో ఒకమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, "ఛీ మేడమ్, అందరి ముందల ఊసుడా?" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. నాకు కోపమొచ్చింది. బల్లమీద డస్టర్ కొట్టి బోర్డు మీద ప్రయోగం గీశాను. "ఉదాహరణకి ఎనిమిది నిమిషాలు అనుకుందాం" అని ఎనిమిది వేశాను. తర్వాత బయటికొచ్చి, ల్యాబ్ అటెండర్ బాలమణితో, "రేపు రెండో బ్యాచ్‌కి లాలాజలం కావాలి, ఏదో ఏర్పాటు చూడు" అన్నాను.

బాలమణి గురించి చెప్పాలి. ల్యాబ్ ఆమెతోనే నడిచేది. అఫ్జల్‌గంజ్ గోదాముల్లో తెలిసినవాళ్లని పట్టుకుని డిసెక్షన్‌కి డబ్బాడు బొద్దింకలు తెచ్చేది. స్లైడు విరిగితే నాకంటే ముందు ఆమెకి తెలిసేది. చదువు ఐదో తరగతి. వయసులో నాకంటే పదేళ్లు పెద్దదైనా నన్ను మేడమ్ అనేది, నేను బాలమణీ అనేదాన్ని. అప్పుడది మామూలే, ఇప్పుడు రాస్తుంటే మాత్రం ఇబ్బందిగా ఉంది.

మర్నాడు ట్రేలో ఒక సీసా ఉంది. మూతమీద కాగితం ముక్క అంటించి, సెలైవాకి గుర్తుగా ఎస్ అని ఒక్క అక్షరం రాసి ఉంది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఎంజైము బాగా పనిచేస్తుందని క్లాసులో చెబుతుంటే విని, వెచ్చబెట్టి తెచ్చిందనుకున్నాను. ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను. స్టాఫ్‌రూములో ఆమెని మెచ్చుకున్నాను కూడా.

ఆ సీసా పదకొండేళ్లు వచ్చింది. పదకొండేళ్లూ వెచ్చగానే వచ్చింది. అందులో ఉన్నది ఎవరిదని నేను ఒక్కసారీ అడగలేదు.

ఎస్తేరు

పదకొండో ఏడు నా క్లాసులో ఎస్తేరు ఉండేది. ఇల్లు చాంద్రాయణగుట్ట. తండ్రి బస్సు డిపోలో హెల్పరు. సన్నగా, నల్లగా, మొండిగా ఉండే పిల్ల. మొండితనం నా క్లాసులో నాకొక్కదానికే ఉండాలని నా అభిప్రాయం కాబట్టి, ఆ పిల్ల నాకు మొదటినుంచీ నచ్చలేదు.

ప్రాక్టికల్ క్లాసులో పలక పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఇరవై నిమిషాలైంది. నీలం పోతలేదు."

"నాళిక సరిగ్గా కడగలేదు నువ్వు."

"రెండుసార్లు కడిగిన మేడమ్."

"అయితే చుక్కలు ఎక్కువ వేసుంటావు. అందరికీ ఎనిమిదికి పోయింది, నీకొక్కదానికే ఎందుకు పోదు?"

"వాళ్లకు పోలే మేడమ్. రాసిన్రు."

ఆ మాటకి నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "ఎదుటివాళ్ల మీద చాడీలు చెప్పడం కాదు, నీ పని చూసుకో. ఎనిమిది అని రాసి రికార్డు తీసుకురా" అన్నాను. వెనక బెంచీలోంచి షబానా, "అరే, ఆఠ్ లిఖ్‌దే నా! కౌన్ దేఖ్రా!" అంది. ఎనిమిదని రాసెయ్, ఎవరు చూడొచ్చారు అని. ఎస్తేరు రాసింది. నేను జనవరిదాకా ఆగకుండా అక్కడే ఎర్ర సిరాతో సంతకం పెట్టాను. అప్పుడు డిసెంబరు. సెప్టెంబరు తేదీ వేశాను.

ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఇలా వచ్చి "నీలం పోవట్లేదు" అంటూనే ఉన్నారని తర్వాత లెక్క చూసుకుంటే గుర్తొచ్చింది. అందరికీ నాళికలు కడుక్కోమనే చెప్పి పంపాను.

పరీక్ష రోజు

పబ్లిక్ ప్రాక్టికల్స్‌కి వేరే ఊరి కాలేజీనుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. ఆ ఏడు వచ్చినాయన నర్సింగరావు గారు. ఆయన రావడం, ప్రిన్సిపాల్ గదిలో కూర్చోవడం, మధ్యాహ్నం బిర్యానీ తినడం, సాయంత్రం అందరికీ దాదాపు పూర్తి మార్కులు వేసి బస్సెక్కడం ఆనవాయితీ. ఆ రోజు చీటీలో బ్యాచ్ మొత్తానికీ లాలాజలం ప్రయోగమే వచ్చింది. ఇరవై నలుగురు పిల్లలు.

భోజనం అయ్యాక పేపర్లు దిద్దుతూ నర్సింగరావు గారు ఒకటి నా ముందు పడేశారు.

"ఏం మేడమ్ గిది? పరీక్షనా, పరాచికమా?"

ఎస్తేరు పేపరు. "మొదటిసారి ఇరవై నిమిషాలు చూశాను, నీలం పోలేదు. రెండోసారి ఇరవై నిమిషాలు చూశాను, పోలేదు. మూడోసారి కూడా పోలేదు" అని రాసింది. మూడుసార్లు చేయడంతో టైమంతా అయిపోయింది. జాడీల్లో పెట్టిన నమూనాలను గుర్తించి రాయాల్సిన ప్రశ్న ఖాళీగా వదిలేసింది.

"దీనికి సున్న. స్పాటర్లు రాయనే లేదు. ప్రాక్టికల్ తప్పినట్టే" అన్నారాయన.

ప్రాక్టికల్ తప్పితే ఆ ఏడాది ఇంటర్ పోయినట్టే. ఆ పిల్ల నర్సింగ్‌లో చేరాలని దరఖాస్తు తెచ్చుకుని, దాని మీద నా సంతకం కోసం వారం కిందటే వచ్చింది. తండ్రి గేటు దగ్గర నిలబడి, "ఈ ఏడు సీటొస్తె సదివిస్త మేడమ్. ఇంకో ఏడంటె నాతోని కాదు" అన్నాడు. అదంతా తెలిసే, "అవునండీ, మొండిపిల్ల, చెప్పినా వినదు" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. ఎవరి మీదికీ తోయడానికి లేదు.

ఎస్తేరు ఇంకా తలుపు బయటే నిలబడి ఉంది. తక్కినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. పిలిచి కేకలేశాను. "డిసెంబరులో చెప్పానా లేదా? ఎనిమిదని రికార్డులో రాశావుగా? పరీక్షలో ఏమొచ్చింది నీకు?"

ఏడవలేదు. "రికార్డుల మీరు రాయమన్నరు, రాసిన. పరీక్షల చూసింది రాయమని ఉన్నది మేడమ్, ప్రశ్నల" అంది. తర్వాత, "మీరొక్కసారి చేసి చూడండ్రి మేడమ్" అంది.

నాతోనా? మొదటి ర్యాంకుతోనా? నర్సింగరావు గారి ఎదుట ఆ పిల్ల నోరు మూయించాలనే చేశాను, వేరే ఉద్దేశం లేదు. కొత్త నాళిక తీసుకుని నేనే కడిగాను. పిండి పోశాను. ఎస్ సీసాలోంచి కొలిచి వేశాను. గడియారం బల్లమీద పెట్టాను.

ఎనిమిదో నిమిషం. నల్లటి నీలం.

నర్సింగరావు గారు నవ్వి, "కడిగినరా మేడమ్?" అన్నారు.

పదో నిమిషం, పదిహేను, ఇరవై. పలకలో ఇరవై గుంటలు, ఇరవైలోనూ ఒకే నీలం. మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఇక బింకం పోయింది. గ్లాసు నీళ్లు తీసుకుని పుక్కిలించి, ఆ పెద్దమనిషి ఎదుట, ఆ పిల్ల ఎదుట బీకరులో ఊశాను. ఆ గదిలో పదకొండేళ్లుగా పిల్లలతో చేయించాల్సిన పని, చేయించనే చేయించని పని. ఆ ఉమ్మిని పిండిలో కలిపాను.

నాలుగో నిమిషానికి నీలం రాలేదు. అయోడిన్ దాని పసుపురంగులో అలాగే ఉండిపోయింది.

నేను పేపర్ల కట్ట లాక్కుని తిరగేశాను. ఎనిమిది. ఎనిమిది. ఏడున్నర. ఎనిమిది. ఎనిమిదింపావు అని ఒకమ్మాయి, నమ్మేలా ఉండాలని కాబోలు. ఇరవై మూడు పేపర్లు. ఇరవై ముగ్గురూ కళ్లెదుట నీలం చూస్తూ, పోయిందని రాశారు. నేను బోర్డు మీద ఉదాహరణకి వేసిన అంకె పదకొండేళ్లు రికార్డునుంచి రికార్డుకి నడిచొచ్చి నా ముందు కూర్చుంది. ఎనిమిది కాళ్ల బొద్దింకని చూసి నవ్విన మనిషిని నేనే.

నర్సింగరావు గారి నవ్వు ఆగిపోయింది. "మరి గా సీసల ఏమున్నట్టు?"

"లాలాజలమే."

"ఎవరిది?"

లేచి తలుపు దగ్గరికెళ్లి బాలమణిని కేకేశాను.

బాలమణి చెప్పింది

పిలిస్తే చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. సీసా చూపించి అడిగాను, "ఇది ఎవరిది బాలమణీ?"

"నాదే మేడమ్."

"నీదా? ఇన్నేళ్లూ నీదేనా?"

"మరెవ్వరిదనుకున్నరు మేడమ్? ఏదన్న ఏర్పాటు చూడమంటిరి. పిల్లలు ఊస్తలేరు. నేనెవర్నని అడగాలె?"

"ఇందులో ఏం కలుపుతావు?"

"అయ్యో, ఏం కలుపుత మేడమ్!" ఆమె ముఖం మాడిపోయింది. గొంతు తగ్గించి, ఎక్స్‌టర్నల్ గారి వైపు చూడకుండా చెప్పింది. "నా ఎంగిలి. అందరి బిడ్డలు ముట్టుకునేది. పెద్దపెద్దోళ్ల బిడ్డలు గూడ ఉంటరు. నా అసుంటిదాని నోట్ల నీళ్లని వాళ్ల తల్లులకు తెలిస్తె లొల్లి గాదా? గందుకే పొద్దుగాల వచ్చి, స్టవ్వు మీద బుడబుడ మసలబెడుత. మంచిగ వడగట్టి ఇస్త. పదకొండేండ్ల సంది ఒక్క పిల్లకన్న జెరమొచ్చిందా, మీరే చెప్పుండ్రి!"

చివరి మాట అంటున్నప్పుడు తలెత్తింది. ఆ మాటలో గర్వం ఉంది.

మరిగిస్తే ఎంజైము చచ్చిపోతుంది. పాఠ్యపుస్తకంలో అదే పాఠంలో ఉంటుంది, పిల్లలకి నేనే అండర్‌లైన్ చేయించేదాన్ని. సీసా వెచ్చగా ఎందుకు ఉండేదో నాకప్పుడు తెలిసింది. ఎవరూ ఊయకపోతే తన ఉమ్మి ఇచ్చిన మనిషి, అది మనం ముట్టుకోదగ్గది కాదనుకుని, మన కోసం దాన్ని పదకొండేళ్లు మరిగించింది. ఇంతకాలం ఆమె పక్కన నిలబడి జీవశాస్త్రం చెప్పాను. మనిషి ఉమ్మి ఎవరిదైనా ఒకటేనని ఆమెకి చెప్పాల్సిన అవసరం ఉందనే నాకు తోచలేదు.

"నౌకరి పోతదా మేడమ్?" అని అడిగింది.

"నీది కాదు, పోతే నాది పోవాలి" అన్నాను. ఇద్దరి ఉద్యోగాలూ పోలేదు. అది కూడా నాకు ఆశ్చర్యమే.

మార్కులు

ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చారు. సంగతి విని తలుపు వేశారు. "బయట తెలిస్తె మన పరీక్ష సెంటరు పోతది మేడమ్. పిల్లలందరి మార్కులు ఆగుతయి. ఆ పిల్లను దయతోని పాస్ చేసి ఊకోండ్రి."

"దయా?" అన్నాను. "ఆ గదిలో ప్రయోగం చేసింది ఆ పిల్లొక్కతే. నేను కూడా చేయలేదు. ఇరవై ముగ్గురికి వేసి ఆమెకి దయ చూపిస్తారా? వాళ్లకి సున్నా వేయండి, ఆమెకి పూర్తిగా వేయండి."

గంటసేపు వాదించాను. వాదించడం నాకు బాగా వచ్చు. సగమే నెగ్గాను. నర్సింగరావు గారు పేపరు మళ్లీ చదివి, "ఇచ్చిన సామానుతోని వచ్చిన ఫలితం కరెక్టే రాసింది" అని ఎస్తేరుకి ఆ ప్రయోగానికి పూర్తి మార్కులు వేశారు. ప్రాక్టికల్ గట్టెక్కింది. తక్కిన ఇరవై ముగ్గురికీ కూడా పూర్తి మార్కులే పడ్డాయి. సున్నా వేస్తే ఎందుకో రాయాలి, రాస్తే పదకొండేళ్లూ రాయాలి. ఆ షీటు కింద నేను సంతకం పెట్టాను. అది తప్పు. ఇప్పుడైనా పెడతానా అంటే, వాదన ఇంకో గంట లాగేదాన్నేమో, అంతకంటే చెప్పలేను.

తర్వాతి సంవత్సరాల సంగతి ముందే చెప్పేస్తాను. ల్యాబ్ మూలన తెర కట్టించాను. ఉపవాసం ఉన్నవాళ్లకి ప్రయోగం రంజాన్ అయ్యాక. ఎవరి బీకరులో వాళ్లే ఊయాలి. మొదటి ఏడు తెర వెనక్కి ముందుగా బాలమణిని పంపాను, నాళిక కూడా ఆమె చేతికే ఇచ్చాను. ఐదో నిమిషంలో నీలం రాకపోతే, "ఏమైంది మేడమ్, పాడైందా?" అని కంగారుపడింది. ఇన్నేళ్లలో ఆ ప్రయోగం పనిచేయడం ఆమె ఎన్నడూ చూడలేదు మరి. ఆ ఏడు రికార్డుల్లో మూడు నిమిషాలున్నాయి, పదకొండున్నాయి, ఆరున్నరా ఉంది. ఏ రెండూ ఒక్కలా లేని పుస్తకాల దొంతర చూసి ప్రిన్సిపాల్ గారు, "ఏంది మేడమ్, పిల్లలు గిట్ల ఆగమాగం రాసిన్రు?" అన్నారు.

మీరు చేరబోయే ల్యాబులో సీసాలుంటాయి. వాటిలో ఏముందో చీటీ చెబుతుంది, ఎవరు నింపారో, ఎలా నింపారో చెప్పదు. మొదటి రోజే అడగండి. అడగడానికి చిన్నతనమైతే ఈ ఉద్యోగం మీకొద్దు. ఇక పిల్ల వచ్చి "నాకు రావట్లేదు మేడమ్" అంటే, నాళిక కడుక్కోమని చెప్పేముందు మీరు కుర్చీలోంచి లేవండి.

పరీక్షలయ్యాక రికార్డులు తిరిగిచ్చేస్తాం. ఎస్తేరు తనది తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"వాళ్లందరికి గూడ ఫుల్లే ఏసిన్రంట గదా మేడమ్?"

"వేశాం."

రికార్డు నా బల్లమీద తెరిచింది. లాలాజలం పేజీ. ఎనిమిది నిమిషాలు అన్నదాన్ని స్కేలు పెట్టి ఒక గీతతో కొట్టేసింది. దాని కింద నిదానంగా రాసింది: "లాలాజలం మరిగించినది. ఇరవై నిమిషాల వరకు నీలం పోలేదు. మూడుసార్లు చూశాను."

"ఈ రికార్డు నా వెనక వచ్చే పిల్లకు ఇయ్యాలె మేడమ్. తప్పు ఇయ్యొద్దు గదా" అంది. "మళ్ల సంతకం పెట్టండ్రి."

చదివి, పెన్ను తీశాను.

"తేదీ ఎప్పటిది ఏస్తరు?" అని అడిగింది. ఎగతాళిగా కాదు. మా కాలేజీలో అది అందరూ అడిగే ప్రశ్నే.

గోడమీద క్యాలెండరు చూసి, ఆ రోజు తేదీ వేశాను.